ఎర్రపిల్లల మధ్య గాలం

ఇందాక ఫోన్‌లో ఒక వీడియో చూశాను. తొలకరిలో కొర్రమీను పట్టడం ఎలాగో ఒకాయన హుషారుగా చెబుతున్నాడు. "నీటి మీద ఎర్రటి చేపపిల్లలు గుంపుగా కనబడితే గాలం సరిగ్గా అక్కడే వెయ్యండి. కిందే తల్లి ఉంటుంది, ఖాయంగా పడుతుంది!" కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

కలిదిండి పక్కన కాలవగట్ల మీద పెరిగిన నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, కొత్తనీటి బురద వాసన, వెదురు గెడ, మూతపెట్టిన డబ్బాలో గెంతే కప్పపిల్లలు. నాకు గాలం నేర్పింది మా మేనత్త. కప్పపిల్లని వీపు దగ్గర గుచ్చాలి, మన నీడ నీళ్ల మీద పడకూడదు, చేప అందుకోగానే లాగెయ్యకూడదు. "మింగనియ్యి అమ్మలూ, తొందరపడితే వదిలేస్తుంది" అనేది. ఎర్రపిల్లలు కనబడితే మాత్రం గెడ ఎత్తేసేది. "అది ఆకలేసి పట్టుకోదమ్మా. పిల్లల మీదికి ఏదో వచ్చిందని మీదపడుతుంది. అలా పట్టకూడదు."

నాకు పదేళ్లప్పుడు, ఆవిడ చూడకుండా అక్కడే వేశాను. మోచేతంత చేప పడింది. "అత్తయ్యా, చూడండి!" అని ఎగురుకుంటూ వెళ్లాను. ఆవిడ తిట్టలేదు. పులుసు పెట్టి నాకు వడ్డించి, తను మజ్జిగ పోసుకుని తింది. మర్నాడు వెళ్లి చూస్తే గట్టున కొంగలు బారులు తీరాయి. ఎర్రపిల్లల్లో ఒక్కటీ లేదు.

ఇప్పుడా కాలవలో చేపల చెరువుల మురుగు తప్ప ఏదీ పారదు. ఆ వీడియోవాణ్ణి దులిపేద్దామని కామెంట్ మొదలుపెట్టి, చెరిపేశాను. ఏ మొహం పెట్టుకుని రాయను? ఆ రోజు పులుసు నేను రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.