అశోక్‌నగర్ అర మార్కు

అశోక్‌నగర్‌లో ఏ గల్లీలోనైనా నిలబడి, సంకలో పుస్తకమున్న ఎవరినైనా ఆపి, పోయినసారి పరీక్ష ఏమైందని అడిగి చూడండి. అర మార్కుతో పోయిందంటారు. అందరిదీ అదే మాట. పన్నెండు మార్కులతో పోయినవాడు, ఇరవై ఆరుతో పోయినవాడు మీకు భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అన్నవాడు రాజేశం. అదీ మైకు పట్టుకుని మరీ అన్నాడు.

ధర్మపురి దగ్గరి పల్లె నుంచి ఇరవై మూడో ఏట గ్రూప్స్ పరీక్షలు రాయడానికి వచ్చాడు రాజేశం. ఇప్పుడు ముప్పై మూడు. ఈ పదేళ్లలో నేర్చిందేమిటయ్యా అంటే, చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాను కింది కుర్చీ ఎన్నింటికి పోతే దొరుకుతుందో నేర్చాడు, ఇంటి నుంచి ఫోనొస్తే గొంతులోకి హుషారు ఎలా తెచ్చుకోవాలో నేర్చాడు. నోటిఫికేషన్ వచ్చేది, ఆగిపోయేది. పరీక్ష జరిగేది, రద్దయ్యేది. కూర్చుని ఏడుద్దామంటే హాస్టల్ గదిలో అంత చోటు కూడా లేదు. అందుకని నవ్వించడం మొదలుపెట్టాడు. టీ బండి దగ్గర పుట్టిన ఆ పిచ్చి అతన్ని నారాయణగూడలో ఒక కాఫీ హోటల్ మేడ మీదికి చేర్చింది. ఆదివారం నాలుగింటికి అక్కడ ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకొచ్చి జోకులు చెబుతారు. మిగతావాళ్లు ఆఫీసు బాసు గురించో, ట్రాఫిక్ గురించో చెబితే, రాజేశం అశోక్‌నగర్ గురించి చెప్పాడు.

"కరెంట్ అఫైర్స్ చదువుతం. పరీక్ష వాయిదా పడతది. మల్ల వాయిదా పడతది. ఆఖరికి పరీక్ష పెట్టేసరికి గా కరెంట్ అఫైర్స్ హిస్టరీ సిలబస్‌లకు పోతయి."

"నా హాల్‌టికెట్ మీది ఫోటో తొమ్మిదేండ్ల కిందటిది. ఇన్విజిలేటర్ మేడమ్ చూసి, బాబూ, మీ తమ్మునిది తెచ్చినవా అన్నది."

"పెండ్లి యాప్ నన్ను ఏం పని చేస్తవని అడిగింది. డాక్టర్ ఉన్నది, ఇంజినీర్ ఉన్నది, ప్రిపేరింగ్ అని లేదు. ఇతరములు అని నొక్కిన. ఇతరములకు పిల్లనెవడిస్తడు?"

"అశోక్‌నగర్‌ల పోయిన అర మార్కులన్నీ జమ చేస్తే ఇద్దరు కలెక్టర్లు తయారైతరు."

జనం కుర్చీల్లోంచి పడిపడి నవ్వారు. పదేళ్లలో రాజేశం ఒక చోట పాసవడం అదే మొదలు. పాపం, దాని రుచి మరిగాడు.

గదిలో రెండో మంచం కరుణాకర్‌ది. ముప్పై ఆరేళ్లవాడు, మెత్తని మనిషి, గట్టిగా తుమ్మినా పక్కవాడికి సారీ చెప్పే రకం. ఊళ్లో భార్య నవత, ఐదేళ్ల కూతురు. నిద్రలో లేపి రాజ్యాంగం ఆర్టికల్ నంబరు చెప్పినా అందులో ఏముందో ఒప్పజెబుతాడు. అంత చదివినవాడు పోయినసారి చేసిన నిర్వాకం వింటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. జవాబు పత్రం మీద హాల్‌టికెట్ నంబరు కింద గుండ్రాలు దిద్దాలి కదా, అక్కడ ఏడు దిద్దాల్సిన చోట ఒకటి దిద్దాడు. కంప్యూటర్ ఆ పత్రాన్ని పక్కన పడేసింది. నాలుగేళ్ల చదువు ఒక నల్ల చుక్కలో మునిగిపోయింది. ఇంటికి ఫోన్ చేసి అర మార్కుతో పోయిందన్నాడు. ఇంకేమంటాడు చెప్పండి?

నవత ఆ అర మార్కును పట్టుకుని అత్తామామలతో కొట్లాడింది. అర మార్కే కదా, ఇంకొక్కసారి రాయనీయండి, ఇదే ఆఖరు అని కాళ్లావేళ్లా పడి ఒక ఏడాది సంపాదించింది. నిజం బయటపడితే ఆ ఏడాది పోతుంది, దాంతోపాటు ఆ ఇంట్లో ఆమె మాటకున్న విలువ పోతుంది. ఇదంతా కరుణాకర్ ఈ లోకంలో ఒక్క రాజేశానికే చెప్పుకున్నాడు.

చెప్పకూడదనే అనుకున్నాడు రాజేశం, అబద్ధం ఎందుకు. కాని ఆ ఆదివారం ఒక్క జోకూ పండలేదు. పాత జోకులు జనానికి నోటికొచ్చేశాయి. ముందు వరసలో ఒకమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. పాడు నోరు, దానంతటదే తెరుచుకుంది.

"మా రూమ్‌ల ఒకన్న ఉన్నడు. రాజ్యాంగం మొత్తం నోటికొస్తది. ఆయన నంబరు ఆయనకు రాదు."

కథంతా చెప్పాడు. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది. ఇక ఆగుతాడా?

"వాళ్లింటామె ఊరి నుంచి కారప్పూస పంపిస్తది. డబ్బా మూత మీద 'డిప్యూటీ తహసీల్దార్ గారికి' అని రాసి పంపిస్తది. ఏడుకు, ఒకటికి ఫరక్ తెల్వని తహసీల్దార్. రేపు మన భూముల సర్వే నంబర్లు ఈయన చేతులనే ఉంటయి."

బల్లలు దద్దరిల్లాయి. మెట్లు దిగుతూ రాజేశం, పేరు చెప్పలేదు కదా అనుకున్నాడు. ఊరూ చెప్పలేదు, జిల్లా చెప్పలేదు. ఆ మూత మీద రాసిన మనిషి ఒక్కతే ఉంటుందని మాత్రం ఆ తెలివిగలవాడికి తట్టలేదు. కార్యక్రమం నడిపే అభిరామ్ ఆ ముక్క వీడియోను ఇంటర్నెట్‌లో పెట్టాడు. మూడు రోజుల్లో రెండు లక్షలమంది చూశారు.

బుధవారం మధ్యాహ్నం కరుణాకర్ లైబ్రరీ నుంచి తొందరగా వచ్చేశాడు. మంచం మీద కూర్చుని చెప్పులు కూడా విప్పలేదు.

"టీ బండి కాడ పిల్లలు నీ వీడియో చూస్తున్నరు. నేను గూడ నిలవడి చూసిన. మొదట్ల నేను గూడ నవ్విన రాజేశం. నా లెక్కనే ఇంకోడున్నడు అనుకున్న. కారప్పూస అన్నంక అర్థమైంది."

రాజేశం ఏదో అనబోయేలోపు కరుణాకర్ ఫోన్ మోగింది. నవత. కరుణాకర్ ఫోన్ వైపు చూశాడు, ఎత్తలేదు. రెండోసారి మోగింది. తీసి రాజేశం చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పు. ఉత్తగ కల్పించిన అని చెప్పు. నీ నోటితోనైతే నమ్ముతది."

రాజేశం ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "వదినె, గది జోక్ వదినె. నవ్వొస్తదని నేనే అల్లిన."

"మూత మీద నేను రాసింది గూడ అల్లినవా అన్నా?" నవత గొంతులో కోపం లేదు. అదే భయంకరంగా ఉంది. "మా ఆడిబిడ్డ తెచ్చి చూపిచ్చింది. మా అత్త గూడ చూసింది. ఒక్కటి చెప్పు. అర మార్కుతోనే పోయిందా?"

రాజేశం ఊ అంటే చాలు. అబద్ధమే అయినా ఊ అంటే ఆమె నమ్మడానికి సిద్ధంగా ఉంది. ఆ ఊ అనలేకపోయాడు.

"అర మార్కని ఊరంత చెప్పిన అన్నా. నంబరు తప్పు దిద్దితే ఏమైతది, మనిషన్నంక తప్పు చెయ్యడా? నాకు చెప్తే నేను నవ్వుతుంటినా?" అంది. తర్వాత, "రమ్మని చెప్పు. ఎవ్వరేమన్నా నేను చూసుకుంట. రమ్మను," అని పెట్టేసింది.

ఆ సాయంత్రమే కరుణాకర్ బట్టలు సర్దుకున్నాడు. పుస్తకాలు ముట్టుకోలేదు. పరీక్ష ఇంక నలభై రోజులే ఉంది, కనీసం రాసిపో అని రాజేశం బతిమాలాడు. జేబీఎస్ బస్టాండు దాకా ఆటోలో వెంట వెళ్లాడు. బస్సు కదిలే ముందు ఉండబట్టలేక, "తిట్టరాదే అన్నా, ఒక్కసారి తిట్టు," అన్నాడు.

"నిన్ను తిట్టి ఏం చేస్త? దిద్దింది నేను," అన్నాడు కరుణాకర్. ఆ మాటలో మంచితనమే ఉంది, రాజేశానికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. రాజేశం మేడ మీదికి వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాడు. ఎప్పుడూ లేనంత జనం, గోడల వెంబడి కూడా నిలబడ్డారు. మైకు పట్టుకోగానే వెనక నుంచి "నంబర్ అన్న జోక్ చెప్పు, నంబర్ అన్న" అని అరుపులు.

"గా జోక్ ఇంక లేదు," అన్నాడు రాజేశం. "అన్న ఊరికి పోయిండు."

నవ్వారు.

"నిజం చెప్తున్న. పరీక్ష రాస్తలేడు. వాళ్లింటామెకు మన వీడియో చూసినంకనే తెలిసింది."

ఇంకా నవ్వారు. ఒకాయన చేత్తో బల్ల చరుస్తూ కళ్లు తుడుచుకున్నాడు. రాజేశం మైకు పట్టుకుని నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. అది కూడా నటనే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ గదిలో ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. నమ్మించే దారి అతనికి తెలియలేదు, తెలిసిందల్లా నవ్వించడమే.

కిందికి దిగాక అభిరామ్ భుజం మీద చెయ్యేశాడు. "ఎండింగ్ అదిరింది అన్నా. ఆ నోరు తెరిచి నిలబడటం ఉంది చూశారా, అది మాత్రం మార్చకండి," అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం కూడా రాజేశం అదే చెప్పాడు. అన్న ఊరికి పోయిండు అన్నాక, లోపల నాలుగు అంకెలు లెక్కపెట్టుకుని, నోరు తెరిచి నిలబడ్డాడు.