ఒక్కరికే నలభై కసరత్తులు

ఆతియా తొమ్మిదేళ్లపాటు సుల్తాన్‌పూర్‌లోని ఒక సిరంజీల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద పనిచేసింది. షిఫ్టు మొత్తం నిలబడి చేసే పని. ఏడో ఏడు నడుము పట్టేసింది. డాక్టరు గోలీలు రాసి, బెల్టు కట్టుకోమన్నాడు. ఫిజియోథెరపీ చేసే ఆమె మాత్రం, బెల్టు ఎన్నాళ్లు కట్టుకుంటావు, వీపులో కండ పెంచుకో అంది. ఆ మాట పట్టుకుని ఆతియా పటాన్‌చెరులో ఒక జిమ్‌కు వెళ్లడం మొదలుపెట్టింది. మొదటి నెల బరువులేమీ లేని ఉత్త రాడ్డే ఎత్తింది. రెండేళ్లు గడిచేసరికి ఎనభై కిలోలు నేల మీంచి లేపుతోంది. పక్కన చేసే ఆడవాళ్లు ఏది ఎలా చేయాలో జిమ్ యజమానిని కాకుండా ఆమెనే అడిగేవారు. దాంతో ఆయన ఆమెను ట్రైనర్‌గా పెట్టుకున్నాడు. ఆమె కంపెనీ మానేసింది.

ఆ తర్వాత ఒక ఏడాదికి, మగవాళ్ల రద్దీ పెరిగిందని చెప్పి, యజమాని ఆడవాళ్ల టైము తీసేశాడు. ఆతియాకు అప్పుడు ముప్పై ఆరేళ్లు. సొంతంగా జిమ్ పెట్టాలనుకుంది.

దారి చూపింది భర్త సాజిద్. అతను ఆమె పాత కంపెనీ స్టాఫ్ బస్సే నడుపుతాడు. "పొద్దుగాల షిఫ్టోళ్లు పదకొండు మంది ఆడోళ్లు కర్దనూర్‌ల దిగుతరు. రెండున్నరకు దించుత. పిల్లలు బడి నుంచి వచ్చేదాంక వాళ్లకు ఓ గంట ఖాళీ ఉంటది," అన్నాడు. ఆ పదకొండు మందిలో సగం మంది ఆమెకు తెలిసినవాళ్లే. అందరిలోకీ పెద్దది మల్లవ్వ. నలభై ఐదేళ్లుంటాయి. లైన్ మీద ఆతియా పక్కనే నిలబడేది.

బస్సు ఆగే చోటికి దగ్గరలో రామలింగేశ్వరరావు గారి ఇంటి మీద హాలు ఖాళీగా ఉంది. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి, భానూర్ దగ్గర రక్షణ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. హాలు ఇరవై నాలుగడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. కానీ నడిమధ్య రెండు పిల్లర్లు ఉన్నాయి. జిమ్ అనగానే ఆయన స్లాబు గురించి భయపడ్డారు.

"బరువైనది ఏదైనా సరే, గోడ పక్కన, స్లాబు కింద దూలం ఉన్న చోటే పెట్టాలమ్మా. మధ్యలో పెడితే నేను ఒప్పుకోను," అన్నారు.

"సరే సార్, మీరు యాడ గీత గీస్తే ఆడనే పెడత," అంది ఆతియా.

మిషన్లు అమ్మే ప్రవీణ్‌కుమార్ వచ్చి హాలంతా కొలిచాడు. ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. ఒకే ఇనుప చట్రం. దానిలోనే పట్టాల మీద పైకీ కిందికీ జరిగే రాడ్డు, రెండు పక్కలా పుల్లీలు, పైన వేలాడే కడ్డీ.

"నలభై కసరత్తులు మేడం. ఏడడుగులు ఇంటు ఆరడుగుల జాగ సాలు. ఇదొక్కటి పెడితే జిమ్ మొత్తం పెట్టినట్టే."

ఆతియా ఎత్తు అడిగింది, కేబుల్ ఎన్నాళ్లు వస్తుందో అడిగింది, మెట్ల మలుపులో పడుతుందా అని అడిగింది. రావుగారు బరువు అడిగారు. అన్నిటికీ ప్రవీణ్‌కుమార్ దగ్గర సరైన జవాబులున్నాయి. పది రోజుల్లో మిషను వచ్చి గోడ పక్కన నిలబడింది. రెండు జతల డంబెల్స్, రెండు బెంచీలు, కొన్ని చాపలు కూడా కొంది.

మొదటి సోమవారం బస్సు దిగి పదకొండు మందీ మెట్లెక్కి వచ్చారు. ఒకామె మిషన్లో నిలబడింది. ఆమె అయ్యాక వచ్చినామె పొట్టిది కాబట్టి రాడ్డు దించాలి, పుల్లీ జరపాలి, బరువు పలకలు తీయాలి. మార్చిన ప్రతిసారీ మూడు నిమిషాలు పోయాయి. మిగతావాళ్లు డంబెల్స్ కాసేపు తిప్పి, చాపల మీద కూర్చుని కబుర్లలో పడ్డారు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆతియా ఫోన్లో టైము పెట్టి చూసింది. ముప్పావు గంటలో మల్లవ్వ మిషను మీద ఉన్నది రెండు నిమిషాలు.

శుక్రవారం మల్లవ్వ చాప మీంచి లేచి చెప్పులు వేసుకుంది.

"ఆతియా, పొద్దంత లైన్ల నిలబడి వచ్చిన. ఈడ గూడ లైనేనా?"

"జెర ఆగు మల్లక్కా, దీని తర్వాత నీదే."

"ఆగితే ఇంటికాడ పని ఆగుతదా?" అని దిగి వెళ్లిపోయింది. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆతియాను ఎక్కువ బాధపెట్టింది. రెండో వారానికి పదకొండు మంది ఆరుగురయ్యారు.

ఆమె ప్రవీణ్‌కుమార్‌కు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడింది. అతను అంతా విన్నాడు.

"మేడం, జాగ తక్కువుంది అన్నరు. తక్కువ జాగల పట్టేది సూపెట్టిన. ఒక్కపారి ఎంతమంది వస్తరో మీరు చెప్పలే, నేను అడగలే. ఇగ వాపస్ అయితే కంపెనీ తీసుకోదు."

ఆతియా ఫోన్ పెట్టేసి మిషన్ ఎదురుగా కూర్చుంది.

పైన చప్పుడు లేకపోవడంతో రావుగారు మెట్లెక్కి వచ్చారు. సంగతి చెప్పింది. ఆయన మిషన్ చుట్టూ ఒకసారి తిరిగారు.

"మా రిపేరు షాపులో ఒక మిషను ఉండేదమ్మా. కన్నాలు వేసేది, చెక్కేది, నునుపు చేసేది. దాని ముందు నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి కాబట్టి అది బంగారం. అదే తీసుకెళ్లి ప్రొడక్షన్లో పెడితే ఏమవుతుంది? పదిమంది చేతులు కట్టుకుని నిలబడతారు. వాళ్లకి ఒక్కో పని చేసే మామూలు మిషన్లు కావాలి. తప్పు నాది కూడా. నేను స్లాబు గురించి ఆలోచించాను గానీ, మనుషుల గురించి ఆలోచించలేదు."

పరిష్కారం అమీన్‌పూర్‌లో దొరికింది. అక్కడ ఒక అపార్ట్‌మెంట్లో శ్రావ్య అనే ఉద్యోగినికి ఆతియా ఆదివారాలు కసరత్తు నేర్పేది. ఆ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఫోర్ స్టేషన్ మల్టీ జిమ్ ఉంది. ఒకే స్తంభానికి నాలుగు వైపులా నాలుగు సీట్లు, ఎవరి బరువులు వారివే. నలుగురు ఒకేసారి కూర్చోవచ్చు. కానీ ఆ క్లబ్‌హౌస్‌లో ఎప్పుడు చూసినా ఒక్కరికి మించి కనిపించరు. భుజాల మీద రాడ్డు పెట్టుకుని గుంజీలు తీసే వీలు లేదని శ్రావ్య ఎన్నోసార్లు విసుక్కుంది కూడా. ఇన్నాళ్లూ ఆ మాట ఆతియా చెవిన పడి పోయింది. ఆ ఆదివారం మాత్రం మనసులో నిలిచిపోయింది.

శ్రావ్యను వెంటబెట్టుకుని అసోసియేషన్ సెక్రటరీ శ్రావణ్‌కుమార్ దగ్గరికి వెళ్లింది. మిషన్‌కు మిషన్ మార్చుకుందామంది. ఆయన అనుమానంగా చూశాడు.

"నెల కాలే అంటున్నవు. కొత్తది ఇచ్చి పాతది ఎందుకు తీసుకుంటవమ్మా? ఏమన్న ఖరాబ్ అయిందా?"

"ఏం కాలే సార్. మాకాడికి పదకొండు మంది ఒక్కసారే వస్తరు. మీకాడ ఒక్కొక్కరు వస్తరు. మీ మిషిన్ మాకు పనికొస్తది, మాది మీకు. మీరే వచ్చి సూడండి."

ఆయన కర్దనూర్ వచ్చి చూశాడు, రాడ్డు జరిపి చూశాడు. కమిటీలో పెట్టి చెబుతానని రెండు వారాలు తీసుకున్నాడు. ఆ రెండు వారాలు ఆతియా ఉన్న ఆరుగురికి చాపల మీద చేసేవే చేయించింది. రోజూ మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించేదాకా, ఇవాళ ఎంతమంది తగ్గుతారోనని తలుపు దగ్గరే నిలబడేది. చివరికి కమిటీ ఒప్పుకుంది. నాలుగు ఆదివారాలు అక్కడివాళ్లకు కొత్త మిషన్ వాడటం నేర్పాలని షరతు పెట్టింది. ఆమె సరేనంది.

క్లబ్‌హౌస్ మిషన్ విప్పే రోజు రావుగారు తన పానాల పెట్టె తీసుకుని అమీన్‌పూర్ వచ్చారు. ప్రతి ముక్క మీదా సుద్దతో అంకె వేశారు. ఒక కేబుల్ దగ్గర ఆగి, వేళ్లతో తడిమి చూశారు. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంది, లోపలి తీగలు రెండు చోట్ల తెగి ఉన్నాయి.

"ఇది మార్చకుండా ఎవర్నీ కూర్చోబెట్టకు. తెగితే మొహం మీదికి వస్తుంది."

ఆతియా కేబుళ్లు నాలుగూ మార్పించింది. తెచ్చిచ్చింది ప్రవీణ్‌కుమారే. బిగించేదాకా ఉండి సాయం కూడా పట్టాడు.

హాల్లో బిగించాక మరో చిక్కు బయటపడింది. కాళ్లతో తోసే నాలుగో సీటు, రావుగారు నేల మీద గీసిన గీత దాటకుండా పెడితే, పిల్లర్‌కు ఏడంగుళాల మేర తగులుతోంది. సాజిద్ మిషన్‌నే గీత దాటించి కొంచెం ముందుకు జరుపుదామన్నాడు. రావుగారు ఆతియా వైపు చూశారు. ఆమె గీత వైపు చూసింది.

"వద్దు. ఆ సీటు తీసేయుండ్రి. కాళ్లకు డంబెల్స్ పట్టుకుని చేపిస్త," అంది.

అలా నాలుగు సీట్లది మూడు సీట్లదయింది. సీట్ల మీద ముగ్గురు, బెంచీల మీద ఇద్దరు, డంబెల్స్‌తో గుంజీలు తీసేవాళ్లు ఇద్దరు, మిగిలినవాళ్లు చాపల మీద. ఐదు నిమిషాలకోసారి ఆతియా చప్పట్లు కొడితే అందరూ ఒక్కో చోటు జరిగేవారు. బరువు పలకల్లో పిన్ను తీసి పెట్టుకోవడం తప్ప మార్చాల్సిందేమీ లేదు. వారంలో ముగ్గురు తిరిగి వచ్చారు. మల్లవ్వ రాలేదు.

ఆతియా ఒక రోజు బస్సు ఆగే చోట నిలబడింది. మల్లవ్వ దిగుతూ చూసి, చూడనట్టు నడవబోయింది.

"మల్లక్కా, ఒక్కసారి పైకొచ్చి సూసి పో. నచ్చకపోతే మల్ల అడగ."

మల్లవ్వ వచ్చింది. చీర కొంగు నడుముకు దోపి, పుల్లీ కిందున్న సీట్లో కూర్చుని కడ్డీని ఛాతీ దాకా లాగింది. పది లాగి ఆగింది. ఎవరూ లెమ్మనలేదు. మళ్లీ పది లాగింది.

"భుజాల మద్దెల పట్టేసినట్టుండె. జెర ఇడిసింది," అంది. మరునాడు ఎవరూ పిలవకుండానే వచ్చింది.

ఇది జరిగి ఏడాది దాటింది. రెండో షిఫ్టుకు మారినవాళ్లు అడిగితే ఆతియా పొద్దున పదకొండింటికి ఇంకో బ్యాచ్ మొదలుపెట్టింది. రావుగారి భార్య వీరలక్ష్మి మోకాళ్ల నొప్పులతో అందులో చేరింది. తీసేసిన నాలుగో సీటు మెట్ల మలుపులో టార్పాలిన్ కప్పుకుని ఉంది. కొనేవాళ్లు ఎవరూ రాలేదు. ఎవరి కాలికైనా తగులుతుంది, తీయించమ్మా అని రావుగారు నెలకోసారి గుర్తుచేస్తుంటారు. తీయిస్త సార్ అంటుంది ఆతియా.