కోపంలో పోసిన నీళ్లు

మాది గద్వాల. ఇంట్లో నాలుగు అక్వేరియంలు, ముప్పై ఆరు చేపలు ఉన్నాయి. పదిరోజులకోసారి పావు వంతు నీళ్లు మార్చి, క్యాలెండర్లో ఆ తేదీ ఎదురుగా రాస్తాను. కుళాయి నీళ్లను ఒకరోజు బకెట్లలో నిలవుంచి, క్లోరిన్ వాసన పోయాకే పోస్తాను.

నిరుడు ఆ పని కోడలు రాధకు అప్పజెప్పి, వనపర్తిలో చెల్లెలింట్లో ఐదురోజులుండి వచ్చేసరికి, మార్చాల్సిన ఆదివారం ఎదురుగా ఏమీ రాసి లేదు.

"ఇంత చిన్న పని గూడ చాతగాదా?" అని పక్కింటామె ఎదుటే రాధను కసిరాను. రాధ జవాబు వినకుండానే సగం నీళ్లు తోడేసి, కోపంలో కుళాయి నీళ్లే పోశాను.

పావుగంటలో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి.

రాధ పెరట్లోంచి బకెట్లు మోసుకొచ్చింది. "జర జరుగు అత్తమ్మా! ఇవి అవసరానికుంటయని నిన్న పట్టిపెట్టిన నీళ్లు. ఆదివారమే మార్చిన, రాసుడు మర్చిన. ఒక్కమాట అడిగితే చెప్తుంటి గదా!"

ఇద్దరం కలిసి నీళ్లు మార్చాం. ముప్పై నాలుగు బతికాయి.

సాయంత్రం పక్కింటామెను పిలిచి, ఆమె ముందే రాధతో "తప్పు నాదే బిడ్డా" అన్నాను. నలుగురిలో తిట్టి, చాటుగా ఒప్పుకుంటే లెక్క సరిపోదు.