కుందేలుకు పెట్టిన నైవేద్యం

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటి ఉండేది. పాతబస్తీలోని ఆ గల్లీలో మాది పూజారుల ఇల్లు, గోడ అవతల లక్క గాజులు చేసేవాళ్ల ఇల్లు. వాళ్ల చిన్నమ్మాయికీ నాకూ పదేళ్లు. ఆమెకొక తెల్ల కుందేలు ఉంది, నాకు లేదు. ఆ వయసులో నాకున్న బాధలన్నిట్లోకీ పెద్దది అదే.

ఆ ఏడు శ్రావణం మొదట్లో వాళ్లంతా గుల్బర్గా బయల్దేరారు, పెద్దమ్మాయి కాన్పుకని. వెళ్లే ముందు ఖాలా, అంటే నా స్నేహితురాలి తల్లి, కుందేలును బుట్టతో సహా గోడ మీదుగా నా చేతికి అందించింది. ఆ వెనకే నా స్నేహితురాలు ఎండుగడ్డి కట్ట అందించింది. ఏడ్చి ఏడ్చి ఆమె ముక్కు ఎర్రబడి ఉంది.

"గడ్డి, నీళ్లు. ఇంకేం పెట్టకు. దీని కడుపు మస్తు నాజూకు. పది దినాలల్ల వస్తం, జర పైలం," అంది.

నేను దేవుడి మీద ఒట్టేశాను. పూజారి ఇంటి పిల్లను కదా, ఒట్టు నాలుక చివరే ఉండేది.

మా ఇంట్లో మడి వ్యవహారమంతా నాయనమ్మది. ఆమె కుందేలును ఎగాదిగా చూసి, వెనక వసారాలో ఒక మూల చూపించింది. వంటింటి గడప దాటితే కుందేలునూ నన్నూ కలిపి బయట పెడతానంది. అది ఉత్త బెదిరింపు కాదని నాకు తెలుసు.

శ్రావణంలో మా ఇంట్లో తిండికి కొదవ ఉండదు, తినేవాళ్లకే కొదవ. గుడి నుంచి రోజూ శనగ గుగ్గిళ్లు, చక్కెర పొంగలి, కొబ్బరి చెక్కలు, అరటిపండ్లు వచ్చేవి. ప్రసాదం వద్దనకూడదు, నలుగురు తొక్కేచోట పారేయకూడదు. ఆవుకు పెట్టి, కాకులకు వేసి, ఇరుగుపొరుగుకు పంచి, మిగిలినది కడుపులు పట్టుకుని మేమే తినేవాళ్లం. ఇప్పుడు ఇంటికి కొత్త నోరు వచ్చింది. మొదటి రోజే బాపు, అంటే మా నాన్న, గుడి నుంచి వస్తూ బుట్ట ముందు ఆగాడు.

"ఇంటికొచ్చిన జీవి. దానికి పెట్టకుండ మనం ఎట్ల తింటం?" అని, ఒక ఆకులో గుప్పెడు గుగ్గిళ్లు పెట్టాడు.

కుందేలు ఎండుగడ్డి వదిలి గుగ్గిళ్ల మీద పడింది. అరటిపండు తొక్కతో సహా తినేసింది. పొంగలి పెడితే మీసాలకు అంటినది కూడా తుడుచుకుని తిన్నది. వేసిన ఒట్టు నాకు గుర్తుంది. కానీ ఒట్టు దేవుడి మీద వేశాను, పెట్టేదీ దేవుడి ప్రసాదమే, ఆయనకెందుకు కోపమొస్తుంది అనుకున్నాను. పైగా గర్వం ఒకటి. వాళ్లింట్లో గడ్డి తిని బతికింది, మా ఇంట్లో సుఖపడుతోంది అని. వాన జల్లుకు గడ్డి కట్ట తడిసి బూజు పట్టింది. అది తీసుకెళ్లి పారేశాను.

మూడో రోజు పొద్దున మరో సంగతి బయటపడింది. కుందేలు తల కాళ్ల మధ్యకు వంచి, తన వెనక నుంచి వచ్చే మెత్తటిదేదో నోటితోనే అందుకుని నమలసాగింది. నేను చూసిన క్షణానే నాయనమ్మ కూడా చూసింది.

"ఛీ, గిదేందే? దాని పెంట అదే తింటున్నదా? దేవుని నైవేద్యం వండే ఇంట్ల గిదేం పని? ఇంకొక్కసారి నా కంట్ల పడితే గల్లీల ఇడిసిపెడ్త," అంది.

గల్లీలో కుక్కలున్నాయి. దాని అలవాటు మాన్పించాలి, లేదా కనీసం నాయనమ్మ కంట పడకుండా చూడాలి. పాత నోటుబుక్కు అట్ట గుండ్రంగా కత్తిరించి, మధ్యలో కన్నం చేసి, కుందేలు మెడకు బిగించి దారంతో కుట్టాను. ఇక తల కాళ్ల మధ్యకు వంచడం దానికి కుదరదు. గిన్నెలోది తినగలదు, వెనకది అందుకోలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అట్ట ఎందుకే అని అమ్మ అడిగితే సింగారానికని చెప్పాను.

ఆ తర్వాత రెండు రోజులు వసారా శుభ్రంగా ఉంది. ఊడవడానికి ఒక్క పెంటిక ఉండ కూడా లేదు. పని తప్పిందని నేను సంతోషించాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది ఆ సంతోషానికే.

ఆరో రోజు పొద్దున కుందేలు ముడుచుకుని కూర్చుంది. గుగ్గిళ్లు పెడితే మూతి తిప్పుకుంది. అరటిపండు వాసన కూడా చూడలేదు. కళ్లు సగం మూసి పళ్లు నూరుతోంది. ఆ కటకట చప్పుడు వసారా ఇవతలికి కూడా వినిపించింది. కడుపు తాకితే డోలులా బిగుసుకుని ఉంది. ఇది చచ్చిపోతుంది, నాలుగు రోజుల్లో వాళ్లొస్తారు, గోడ దగ్గర నిలబడి ఏం చెప్పాలి? నా బుర్రలో ఇదే తిరిగింది.

గల్లీ చివర టాంగా నడిపే తాత కొట్టం ఉండేది. కుందేలుకు గడ్డి ఆయన దగ్గర నుంచే వచ్చేది. కుందేలును తువ్వాలులో చుట్టుకుని అటు పరుగెత్తాను. వెనక నుంచి నాయనమ్మ, "ఎటు పోతున్నవే, పొద్దుగాల్నే ఏం లొల్లి?" అంటూ నా వెంబడే వచ్చి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని కొట్టం బయటే ఆగింది.

తాత గుర్రాన్ని మాలీసు చేస్తున్నాడు. చేతులు తుడుచుకుని కుందేలును తీసుకున్నాడు, దాని కడుపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"లోపట సప్పుడు లేదు," అన్నాడు. "ఏం పెట్టినవ్ బేటీ?"

గుగ్గిళ్లు అన్నాను. పొంగలి అన్నాను. కొబ్బరి, అరటిపండు.

"గడ్డి?"

"పారేసిన."

ఆయన కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. "దేవుని ప్రసాదం మనకు అరుగుతది బిడ్డా. దీని పేగులల్ల గడ్డి నడుస్తుంటెనే మిగిలింది నడుస్తది. గడ్డి బందైతే అన్నీ బందే. శనగలు లోపట ఉబ్బి కూసున్నయ్. మరి గీ అట్ట ఏంది?"

నాయనమ్మ వింటోంది. అయినా దాచే ధైర్యం నాకు లేకపోయింది. అంతా చెప్పేశాను, కుక్కల భయంతో సహా. ఎండలో ఆమె ముఖం ఎలా ఉందో చూడటానికి తలెత్తలేదు.

తాత ఈసారి నాతో కాదు, ఆమెతో మాట్లాడాడు. "అమ్మా, కుందేలు రెండు తీర్ల ఏరుగుతది. గట్టిది ఇడిసిపెడ్తది, మెత్తది మళ్ల తింటది. ఒక్కసారికి దానికి సత్తువ పట్టదు. ఆవు నెమరేస్తది గదా, నోట్లెకు తెచ్చుకుని? దీనికి గట్ల రాదు. అందుకే గిట్ల. అది పెంట కాదు, దాని నెమరు."

ఆవు పేరు ఎత్తగానే నాయనమ్మ పట్టుకున్న కుచ్చిళ్లు వదిలి, ఒక అడుగు లోపలికి వేసింది. తాత ముతక ఎండుగడ్డి ఒక కట్ట ఇచ్చి, కడుపు మెల్లగా నిమరమన్నాడు, నీళ్లు చుక్క చుక్క పట్టమన్నాడు, నేల మీద వదిలి నడిపించమన్నాడు. వాము నీళ్లు పట్టొచ్చా అని అడిగాను. "గుర్రానికైతే ఎంత పట్టాలో తెలుసు. దీనికి తెల్వదు. తెల్వనిది పెట్టకు," అన్నాడు. బతుకుతుందా అని అడగబోయి మానేశాను.

ఇంటికి రాగానే నాయనమ్మ కత్తెర తెచ్చి, అట్ట కుట్టు తానే తెంపింది. ఆ పూట నైవేద్యం అమ్మను చూసుకొమ్మంది. మడి చీరతోనే వసారాలో పీట వేసుకుని కుందేలును ఒళ్లో పెట్టుకుంది. పసిపిల్లలకు ఆముదం రాసే చెయ్యి కదా, ఎంత నొక్కాలో దానికి తెలుసు. కాసేపు నిమిరేది, కాసేపు కింద వదిలేది. అది రెండడుగులు వేసి ముడుచుకునేది. మళ్లీ ఎత్తుకునేది. నేను దూది తడిపి మూతికి అద్దుతూ దాని తోక వైపే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం అయింది. అన్నానికి పిలిస్తే ఇద్దరమూ లేవలేదు. గోడ అవతల ఏ చప్పుడైనా, వాళ్లు ముందే వచ్చేశారేమోనని తలెత్తి చూసేదాన్ని.

మూడు గంటలప్పుడు కుందేలు ఒక గడ్డిపోచ నోట్లో పెట్టుకుని, నమలకుండా అలాగే ఉండిపోయింది. తర్వాత నమిలింది. పొద్దు వాలుతుండగా నాయనమ్మ చేయి ఆగిపోయింది.

"ఇగో, సూడు," అంది.

ఆమె మడి చీర మీద నల్లటి ఉండలు మూడు. చిన్నవి, వంకరవి, వెంట్రుకలతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నేను భోరుమని ఏడ్చాను. ఆమె వాటిని వేళ్లతో ఏరి పక్కన పెట్టి, మళ్లీ నిమరసాగింది. మర్నాడు పొద్దున కుందేలు తల కాళ్ల మధ్యకు వంచినప్పుడు ఆమె ముఖం తిప్పుకుంది. "నెమరేస్తున్నది. తిననియ్యి," అంది.

చెప్పిన రోజుకే వాళ్లు వచ్చారు. కుందేలు చిక్కిపోయి ఉంది, మెడ చుట్టూ దారం ఒరుసుకున్నచోట బొచ్చు ఊడిపోయింది. నా స్నేహితురాలు ఆ చోట వేలుపెట్టి చూసి, నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపు నాయనమ్మ గోడ దగ్గరికి వచ్చింది.

"తప్పు నాదే బిడ్డా. ప్రసాదాలు పెట్టనిచ్చిన. పెంటనుకుని దాన్ని తిననియ్యలే. చావు దాకా పోయొచ్చింది," అంది.

ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "జానే దో అమ్మా, బతికింది గదా," అంది. కుందేలు గోడ దాటి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గోడ దగ్గర నా స్నేహితురాలు గొంతు తగ్గించి అడిగింది. "మెడకు కట్టింది మీ నాయనమ్మేనా?"

నేను అవునన్నట్టు తలూపాను.

ఆ పిల్ల రోజూ పొద్దున బడికి వెళ్తూ గోడ మీదుగా "నాయనమ్మా, పోయొస్త" అని కేకేసేది. ఆ మర్నాటి నుంచి కేకేయలేదు. పది పన్నెండు రోజులు చూసి, నాయనమ్మ బియ్యం ఏరుతూ నన్ను అడిగింది. "ఆ పిల్ల ఈ మధ్య నన్ను పిలుస్తలేదేందే?"

"నాకేం తెలుసు," అన్నాను.