నా ఎడమ చెయ్యి, ఇక్బాల్ భాయ్ హెలికాప్టర్

ఆ రోజు జొన్న రొట్టె వంకరగా వచ్చింది. లంగా ఓణీల నాటి నుంచి రొట్టెలు చేస్తున్నదాన్ని. పీట మీద కుడి చెయ్యి తడుతుంటే ఎడమ చెయ్యి తిప్పుతుంది. దాని గురించి ఆలోచించే పనే ఉండదు. ఆ పొద్దున మాత్రం రొట్టె ఒక పక్క పలచగా, ఇంకో పక్క మందంగా, అంచులు పగిలి వచ్చింది. పెనం మీద వేస్తుంటే మా ఆయన దానియేలు తొంగిచూసి, "ఇదేం రొట్టెనే, చేవెళ్ల తాలూకా నక్ష గీసినవా?" అన్నాడు. నేనూ నవ్వాను. రెండోది ఇంకా అన్యాయంగా వచ్చింది. మూడో రొట్టెకు ఎడమ చెయ్యి పిండిలోనే ఉండిపోయింది. తియ్యాలనుకున్నాను. అది రాలేదు.

"గ్యాసయ్యుంటది, జర నడుం వాలుస్త" అని పోయి పడుకున్నాను. హాయిగా నిద్ర కూడా పట్టింది. మధ్యాహ్నం లేచి మాట్లాడబోతే మాట ముద్దగా వచ్చింది, నోరు ఒక పక్కకు లాగింది. అప్పుడు మా ఆయన నవ్వలేదు. చిన్న మంగళారంలో మా ఇంటి నుంచి మొయినాబాద్ దాకా ఆటోలో నా ఎడమ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. క్లినిక్‌లో డాక్టరు, "రెండు చేతులూ పైకెత్తండి" అన్నాడు. కుడిది లేచింది. నేను రిటైరైన టీచర్ని. ఉద్యోగమంతా పిల్లలకు ఆ మాట చెప్పి బతికినదాన్ని. ఇంకొకరు చెప్తే చెయ్యలేకపోవడం అదే మొదలు.

సిటీలో పెద్ద దవాఖానకు పంపారు. సీటీ స్కాన్ అయ్యాక న్యూరాలజిస్టు వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడుంటుంది. "ఎన్నింటికి మొదలైంది?" అని ముందు అదే అడిగింది. "పొద్దున రొట్టెలు చేసేటప్పుడమ్మా" అన్నాడు మా ఆయన. ఆమె గోడ గడియారం వైపు చూసింది. "అమ్మా, మీకొచ్చింది ఇస్కీమిక్ స్ట్రోక్. మెదడుకు పోయే రక్తనాళంలో క్లాట్ అడ్డుపడింది. దాన్ని కరిగించే ఇంజెక్షన్ మా దగ్గర ఉంది. కానీ నాలుగైదు గంటల్లోపు ఇవ్వాలి. టైమ్ దాటిపోయింది" అంది. ఆ గంటలు నేను మా ఇంట్లో ఫ్యాను కింద నిద్రపోయాను.

వార్డులో రోజూ పొద్దున్నే డాక్టర్లు గుంపుగా వచ్చి, "లెఫ్ట్ అప్పర్ లింబ్ పవర్ వన్ బై ఫైవ్" అని రాసుకుని పోయేవారు. ఎడమ చేతి బలం ఐదుకు ఒకటి! నా క్లాసులో ఈ మార్కులొచ్చిన వాడిని బెంచీ ఎక్కించేదాన్ని. ఎడమ కాలూ పట్టు తప్పింది గానీ అది కొంత నయం, చేతికర్రతో నడిచి ఇంటికొచ్చాను. చెయ్యే మొండికేసింది. "వేళ్ళు అన్నిటికంటే చివర వస్తాయమ్మా. వచ్చేదాంట్లో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో వస్తుంది. ఆ తర్వాత చాలా నెమ్మది" అని డిశ్చార్జ్ రోజు డాక్టరమ్మ చెప్పింది.

మొయినాబాద్‌లో ఫిజియోథెరపీకి పోయేదాన్ని. అక్కడి ఫిజియో సంధ్య ఒకరోజు బల్ల మీద అద్దం నిలబెట్టింది. ఎడమ చేతిని అద్దం వెనక దాచింది. "కుడి చెయ్యి ఆడించుండ్రి టీచర్. అద్దంల చూడుండ్రి. ఆడేది ఎడమ చెయ్యే అనుకోండ్రి" అంది. అద్దంలో నా ఎడమ చెయ్యి గుప్పిట తెరిచింది, మూసింది. అబద్ధమని తెలుసు. అయినా అంత మంచి అబద్ధాన్ని నా జన్మలో చూడలేదు. ఏడుస్తూనే ఆ గుప్పిటను చూస్తూ కూర్చున్నాను.

కాస్త కుదుటపడ్డాక సండే స్కూలుకు వెళ్ళాను. మా ఊరి చర్చిలో పిల్లలకు అభినయ పాటలు నేర్పేది నేనే. ఆకాశం అనే చోట రెండు చేతులూ పైకెత్తాలి. నాకు కుడి చెయ్యి ఒక్కటే లేచింది. చూస్తే పిల్లలందరూ ఒక్క చెయ్యే ఎత్తారు. రెండో చేతిని నాలాగే పక్కకు వేలాడేసి, వేళ్ళు ముడిచి పెట్టుకున్నారు. వెక్కిరింత కాదు, టీచరు ఎలా చేస్తే అలా చెయ్యాలని వాళ్ళ భక్తి. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. ఆ పిల్లల ముందు రెండు చేతులూ ఎత్తాలి, నాకింకేం వద్దని ఆ రోజే ప్రార్థన చేసుకున్నాను. ఆరు నెలలు అప్పటికే అయిపోవస్తున్నాయి. వేళ్ళు ముడిచినవి ముడిచినట్టే ఉన్నాయి.

మా ఇంటి వెనక ప్లాట్లు చేసి వదిలేసిన ఖాళీ జాగా ఉంది. ఆదివారాలు ఇక్బాల్ భాయ్ అక్కడికి వచ్చేవాడు. సిటీలో కళ్ళద్దాల దుకాణం ఆయనది, వయసు యాభై దాటింది. రిమోట్‌తో చిన్న హెలికాప్టర్లు ఎగరేయడం ఆయన పిచ్చి. ఆ రొదకు మా కోళ్ళు బెదిరిపోతున్నాయని పోట్లాడటానికి చేతికర్ర పట్టుకుని వెళ్ళాను. నేను ఊరుకునే మనిషిని కాను. కానీ దగ్గరికి పోయాక కోళ్ళ సంగతే మరిచిపోయాను. గద్దంత హెలికాప్టరు, మనిషి ఎత్తున, గాలిలో కదలకుండా నిలబడి ఉంది.

"గిది ఎట్ల నిలబడ్తది భాయ్?" అన్నాను.

"నిలబడది టీచరమ్మా. పడిపోతనే ఉంటది. పడకుంట మనం క్షణక్షణం పట్కోవాలె. చూసెటోళ్లకు నిలబడ్డట్టు కనబడ్తది, అంతే" అన్నాడు. ఆయన రెండు బొటనవేళ్ళూ రిమోట్ మీది రెండు పుల్లలను అదేపనిగా, కనపడీ కనపడనట్టు కదుపుతున్నాయి.

అలా గాలిలో నిలబడ్డదాన్ని అంతకు ముందు ఒక్కసారే చూశాను. పంతొమ్మిదివందల అరవై తొమ్మిదిలో. అప్పుడు సిటీలో టీచర్ ట్రైనింగు చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమం ముదిరి, రోజూ ఊరేగింపులు, లాఠీలు, కర్ఫ్యూలు. క్లాసులు ఆగిపోయి హాస్టలు మూసేశారు. బస్సులు నమ్మకం లేక మా బాపు మా పుట్టినూరు ముడిమ్యాల నుంచి సైకిలు మీద వచ్చి నన్ను తీసుకుపోయాడు. ఊళ్ళో బడి కూడా సరిగా నడవడం లేదు. బాపు చర్చి గంట కొట్టేవాడు. "ఖాళీగ కూసుంటే ఏమొస్తది బిడ్డా? పోరగాండ్లు ఆగమాగం తిరుగుతున్నరు. రెండు అక్షరాలు చెప్పరాదా?" అన్నాడు. అలా చర్చి ముంగిట్లో మొదలైంది నా టీచరుగిరి.

మొదటి రోజు "కుడి చెయ్యి పైకి" అని నా కుడి చెయ్యి ఎత్తాను. ఎదురుగా ఉన్న పిల్లలు నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తారు. ఎంత అరిచినా అంతే. వాళ్ళు వినేది మాట కాదు, చూసేది చెయ్యి. మర్నాటి నుంచి నోటితో కుడి అంటూ ఎడమ చెయ్యి ఎత్తడం నేర్చుకున్నాను. పిల్లల ముందు నిలబడితే నేను వాళ్ళకు అద్దం. రిటైరయ్యే దాకా అదే అలవాటు.

ఆ ముంగిట్లోనే ఒక పొద్దున పిల్లలు చేతులెత్తి ఉండగా సిటీ వైపు నుంచి హెలికాప్టరు వచ్చింది. అది ఎవరిదో, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. చేల మీద ఆకాశంలో అలా ఆగిపోయింది. దుమ్ము లేచింది, గొర్రెలు చెదిరిపోయాయి. మా వీధి సత్తెమ్మ అవ్వ కొంగు నెత్తిన కప్పుకుని, "ప్రభువు దిగొస్తుండు, మోకరించుండ్రి" అని నేల మీద మోకాళ్ళూనింది. ఆమెను చూసి పెద్దలు, వాళ్ళను చూసి పిల్లలు మోకరించారు. నేను చదువుకున్నదాన్ని, అది హెలికాప్టరని తెలుసు. అయినా నా మోకాళ్ళు కూడా వంగాయి. అది పోయాక అవ్వ లేచి మట్టి దులుపుకుంటూ, "మల్లొస్తడు తియ్యి" అంది.

ఇదంతా చెప్తే ఇక్బాల్ భాయ్ గట్టిగా నవ్వి, "పట్టుకుంటరా టీచరమ్మా?" అని రిమోట్ చాచాడు. "ఎడమ చెయ్యి పని చెయ్యది భాయ్" అన్నాను. "ఎడమ చెయ్యి లేంది గిది లేవది. లేపుడు, దించుడు ఎడమ బొటనవేలుదే" అన్నాడు. ఆ మాట నాకు పంతం పుట్టించింది.

రిమోట్‌ను నా మెడలో పట్టీతో వేలాడదీశాడు. హెలికాప్టరు కింద అడ్డంగా పుల్లలు కట్టి, చివర్లలో ప్లాస్టిక్ బంతులు గుచ్చాడు, ఒరిగినా పడిపోకుండా. మొదట్లో నా బొటనవేలు కదిలేదే కాదు. కదిలినప్పుడు ఒక్కసారిగా కదిలేది, హెలికాప్టరు కప్పలా ఎగిరి కింద పడేది. "అన్నంల నెయ్యి పోస్తరు గదా, అట్ల పొయ్యాలె. బిందె గుమ్మరించినట్టు గాదు" అనేవాడు. ఇంట్లో కంచం ముందు కూడా నా ఎడమ బొటనవేలు నెయ్యి పోస్తూనే ఉండేది. సంధ్య ఇచ్చిన రబ్బరు బంతిని ఏనాడూ అంత శ్రద్ధగా నొక్కలేదు.

మధ్యలో భుజం పట్టేసింది. "ఫ్రోజెన్ షోల్డర్" అంది సంధ్య. చీర కట్టుకోవడానికి కూడా ఏడుపొచ్చేది. ఇక్బాల్ భాయ్ నా దగ్గరే ఉంచిన రిమోట్ కొన్ని వారాలు గోడకే వేలాడింది. "ఇగ చాల్తియ్యే, పాణం మీదికి తెచ్చుకుంటవా" అన్నాడు మా ఆయన. అంటూనే పొద్దునా సాయంత్రం భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టింది ఆయనే.

మళ్ళీ మొదలుపెట్టాక ఎడమ చెయ్యి కొంత మాట వింది. కొత్త చిక్కు కుడి చేతితో వచ్చింది. నేర్చుకునేవాళ్ళకు హెలికాప్టరు తోక తమ వైపు ఉంచి నేర్పుతారు. అప్పుడు దాని కుడి మన కుడే, అది తేలిక. నాకు అదే రాలేదు. అది ఎడమకు జరిగితే కుడికి లాగాలి. నేను ఇంకా ఎడమకే తోసేదాన్ని. రెక్కలు పటపటా విరిగేవి. "కుడి అంటే కుడే టీచరమ్మా! గింత చదువు చదివిండ్రు!" అని ఇక్బాల్ భాయ్ తల కొట్టుకునేవాడు.

ఒక సాయంత్రం గాలి కొట్టి హెలికాప్టరు గిర్రున తిరిగింది. ముక్కు నాకు ఎదురుగా వచ్చింది. "ఇటియ్యుండ్రి, రిమోట్ ఇటియ్యుండ్రి!" అని ఆయన పరిగెత్తుకొచ్చాడు. అలా ఎదురు తిరిగితే కుడి ఎడమలు తారుమారై ఎంతటివాళ్ళయినా పడేస్తారట. నేను ఇవ్వలేదు. ఇవ్వాలని కూడా తోచలేదు. అది కుడికి ఒరిగితే నా వేలు దానికదే పోయి సర్దింది. ఎడమకు ఒరిగితే మళ్ళీ సర్దింది. ఎడమ బొటనవేలు నెయ్యి పోస్తూ ఉంది. హెలికాప్టరు నా కళ్ళ ఎదుట, నన్నే చూస్తూ, గాలిలో నిలబడింది.

ఎదురుగా నిలబడినవాళ్ళ కుడిని నా ఎడమ చేసుకోవడం తప్ప జీవితమంతా నేనేం చేశాను గనక? అది నా క్లాసులో మొదటి వరసలో నిలబడ్డ పిల్లలాగే ఉంది. నా చచ్చుబడిన చెయ్యి ఆకాశంలో ఒక వస్తువును పడకుండా పట్టుకుందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. దించాక మోకరించాలనిపించింది. సత్తెమ్మ అవ్వ గుర్తొచ్చింది.

ఇక్బాల్ భాయ్ హెలికాప్టరును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత, "నాకు గిది రానీకి రెండేండ్లు పట్టింది టీచరమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఎదురు ముఖంతోనే నేర్పాడు. తోక వైపు ఇప్పటికీ అంతంత మాత్రమే.

తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ నా బొటనవేలు ఆడించి చూసి, "ఫైన్ మోటార్, అంటే వేళ్ళ కదలిక, బాగా ఇంప్రూవ్ అయింది. ఇప్పుడు ఇంత వస్తుందనుకోలేదు. ఏం ఎక్సర్‌సైజ్ చేస్తున్నారు?" అంది.

"హెలికాప్టర్ నడుపుతున్న, డాక్టరమ్మా."

ఆమె మెల్లగా మా ఆయన వైపు వంగి, "ఈ మధ్య కన్‌ఫ్యూజ్డ్‌గా మాట్లాడుతున్నారా?" అని అడిగింది. "లేదమ్మా, మస్తుగ నడుపుతది. మా కోళ్లనడుగుండ్రి" అన్నాడాయన. ఫోన్లో వీడియో చూపిస్తే ఆమె రెండుసార్లు చూసింది. "ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. అందరికీ ఇలా రాదు కూడా. కానీ మీ చేతికి ఇష్టమైన పని దొరికింది. ఆపకండి" అంది.

ఇప్పుడు బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర తప్పకుండా వేసుకుంటాను. రొట్టె చేస్తాను, గుండ్రంగా రాదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ఆదివారం ప్రార్థన అయ్యాక సండే స్కూలు, ఆ తర్వాత ఖాళీ జాగా. ఆకాశం అనే చోట కుడి చెయ్యి పూర్తిగా లేస్తుంది. ఎడమది చెవి దాకా లేచి ఆగుతుంది. మా పిల్లలందరికీ ఎడమ చెయ్యి నిటారుగా పైకి, కుడి చెయ్యి చెవి దాకా. ఆ పాట అంతేననుకుంటున్నారు. నేను దిద్దలేదు. రెండు చేతులూ లేస్తున్నాయి, నేనడిగింది అదే.

చదివేవాళ్ళకు ఒక్క మాట. ఎప్పుడూ చేసే పనిని చెయ్యి ఉన్నట్టుండి మరిచిపోతే, రొట్టె వంకరగా వస్తే, గ్లాసు జారిపోతే నవ్వుకుని పడుకోవద్దు. పొయ్యి ఆపి, గడియారం చూసి, ఆ టైము ఇంట్లోవాళ్ళకు చెప్పి, అప్పుడే పెద్ద దవాఖానకు బయల్దేరండి. దవాఖానలో మొదట అడిగేది ఆ టైమే. నాకు చెప్పడానికి రొట్టెలు తప్ప ఏమీ లేకపోయింది.