సాన ఎరుగని చాకు

మా ఆయనకు పాత మడత చాకుల పిచ్చి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా రెండు గదుల ఫ్లాట్‌లో బీరువా నాకు సగమే, మిగతా సగం చాకులది. కొమ్ము పిడివి, ఇత్తడి పిడివి, ఎప్పుడో దొరలు ఓడల్లో తెచ్చినవి. వాటితో ఎవరూ ఏమీ కోయరు. నూనె రాసి, తుడిచి, ఫోటో తీసి, తనలాంటి పిచ్చివాళ్లున్న ఆన్‌లైన్ గ్రూపులో పెడతాడు. కొంటాడు, అమ్ముతాడు.

ఆ గ్రూపులో ఒక కట్టుబాటు ఉంది. అమ్మేవాడు ముందు లోపాలు చెప్పాలి, గుణాలు తర్వాతే. పిడి మీద పగులు, మడత దగ్గర వదులు, మొన అరుగుదల, అన్నిటికన్నా ముఖ్యంగా సాన పట్టించారా లేదా. చక్రం మీద ఒక్కసారి సాన పట్టారంటే తయారైన నాటి అంచు పోయినట్టే, ఇక దాన్ని కోరి కొనేవాడుండడు. ఈ కట్టుబాటు పెట్టింది మా ఆయనే. సార్ రాశారంటే కళ్లు మూసుకుని కొనొచ్చని గ్రూపులో అందరూ అనేవారు. నేను తాలింపు పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాటలు చదివి వినిపించేవాడు.

చిక్కేమిటంటే, నా విషయంలోనూ ఆయనది అదే కట్టుబాటు. ఇంటికి ఎవరొచ్చినా ముందు నా లోపాలు వరుసగా చెబుతాడు. "మా ఆవిడ. చెవి కాస్త మందం. కూరలో ఉప్పు దగ్గర చెయ్యి ఆగదు. మనిషి మంచిదే." వచ్చినవాళ్లు నవ్వుతారు. నిజం చెబితే తప్పేంటంటాడు. నా చెవికి మందమేమీ లేదు. ఆయనకు బదులివ్వడం మానేశాను, అంతే.

పోయిన ఏడాది ఎల్బీనగర్ నుంచి ఒకతను గ్రూపులో చేరాడు. నల్లగొండ వైపు మనిషి. పాత సామాన్లు కొని అమ్ముకోవడమే అతని బతుకు. లారీ నడిపిన తన తండ్రి జేబులో ఉండే కొమ్ము పిడి చాకును, సాన పట్టలేదని రాసి అమ్మకానికి పెట్టాడు. మా ఆయన దాన్ని తెప్పించుకుని, భూతద్దం కింద పెట్టి సాన గీతలు కనిపెట్టాడు. ఫోటోలు తీసి, ఎర్ర సున్నాలు చుట్టి, కింద 'దొంగ' అని రాసి గ్రూపులో పెట్టాడు. తలా ఒక రాయి వేశారు. సాయంత్రానికల్లా అతన్ని గ్రూపులోంచి తీసేశారు. ఆ పూట మా ఆయన మారు పెరుగు వేయించుకుని తృప్తిగా తిన్నాడు.

ఆ ఆదివారం అతను మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గొడవకు రాలేదు. గ్రూపులోవాళ్లే తన గిరాకీ అని, చాకులే కాదు పాత గడియారాలు, తూకపురాళ్లు కూడా వాళ్లే కొంటారని, ఇప్పుడు ఒక్కరూ ఫోనెత్తడం లేదని చెప్పాడు.

"తప్పు నాదే సార్. నాయిన సాన పట్టించిండో లేదో నాకు తెల్వదు. తెల్వక రాసిన గని దొంగతనం చేయలే. దొంగ అన్న మాట ఒక్కటి జర తీసేయుండ్రి."

తెలియకపోతే తెలియదని రాయాలి, లేదని రాయకూడదు అన్నాడు మా ఆయన. సరైన మాటే. అక్కడితో ఆగలేదు. బీరువా తీసి, పట్టుగుడ్డలో చుట్టిన తన తండ్రి చాకు తెచ్చాడు. దాన్ని ఎవరికీ అమ్మడు. దాని ఫోటో గ్రూపులో పెట్టి 'సాన ఎరుగని చాకు' అని ఏనాడో రాసుకున్నాడు. సాన పట్టనిది ఎలా ఉంటుందో కళ్లారా చూసి పొమ్మని అతనితో అన్నాడు. అప్పుడే నేను టీ తెచ్చాను. "మా ఆవిడ. చెవి మందం..." అని మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. ట్రే బల్ల మీద పెట్టాను.

"ఆ చాకుకు అత్తయ్య సాన పట్టించారు. సైకిలు మీద సాన పట్టేవాడు వస్తే కూరల కత్తితో పాటు దాన్నీ ఇచ్చారు, మామిడికాయ తొక్క తెగడం లేదని. చూసుకోండి."

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. సాన పట్టించిన రోజు ఈయన ఆఫీసులో ఉన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు నూనె రాశాడో గానీ, దాని మీద భూతద్దం మాత్రం పెట్టలేదు. తండ్రిది కదా. భూతద్దం పరాయివాళ్ల చాకులకూ నాకూను. మరి నువ్వెందుకు చెప్పలేదంటే, నన్నెవరూ అడగలేదు.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి భూతద్దం పెట్టి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. సాన గీతలు కనిపించాయి. నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది, దాచుకోవడమెందుకు.

ఎల్బీనగర్ అతను నవ్వలేదు. "మీరు గూడ తెల్వకనే రాసిండ్రు గద సార్. నాది గూడ గంతే," అన్నాడు మెల్లగా. టీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, పోయొస్తానక్కా అని చెప్పి వెళ్లాడు. ఆ మాట తీసేస్తారన్న నమ్మకంతోనే వెళ్లాడు. నేనూ నమ్మాను.

మర్నాడు మా ఆయన గ్రూపులో రాశాడు. కట్టుబాటు ప్రకారం ముందు లోపమే: 'మా నాన్న చాకుకు సాన పడింది. నేను ఇంట్లో లేనప్పుడు నా భార్య తెలివితక్కువగా పట్టించింది. తెలిసిన వెంటనే మీకు చెబుతున్నాను.' కింద వరసగా దండాలు, పూలు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుంటుంది సార్ అని ఒకరు. ఇంట్లో ఆడవాళ్లతో ఇదే తంటా అని ఇంకొకరు. ఎల్బీనగర్ అతని ఊసే లేదు. దొంగ అన్న మాట అలాగే ఉంది.

ఫోను ఆయన ముందు పెట్టి ఇదేంటని అడిగాను. పేపర్లోంచి తలెత్తలేదు.

"చచ్చిపోయిన అమ్మ పేరు పాడుచేయమంటావా? నీదైతే ఏం పోయింది? ఆ గ్రూపులో నీకు పేరెక్కడుంది?"

మరి అతని పేరో అన్నాను. అతనిప్పుడు గ్రూపులో లేడు కదా అన్నాడు.

ఆ చాకు ఇక బీరువాకు పనికిరాదని వంటింట్లో పడేశాడు. మామిడికాయ తొక్క బాగా తీస్తుంది. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా నా చెవి సంగతి ఎత్తడు. మా నాన్న చాకు పాడుచేసింది ఈవిడే అంటాడు. వచ్చినవాళ్లు అయ్యో అంటారు. ఆ తర్వాత వచ్చే "మనిషి మంచిదే" మాత్రం ఇప్పుడు రావడం లేదు.