గదువ కోసిన మూకీ

“కాకా, మా పాపకు రెండేండ్లు నిండినయ్, ఒక్క మాటన్న అంటలేదు. చెవులు వినవడ్తలేవేమో!” స్వప్నిల్ ఫోనులోంచి తలెత్తకుండానే అరిచాడు. గైబీ నగర్‌లో ఏండ్ల తరబడి సాంచాల మీద బట్ట నేసి, ఆ చప్పుడుకు చెవులు పోయిన పెద్దులు కాకా, అతని గదువ పట్టి ముఖం తనవైపు తిప్పుకుని, పెదవులు చూస్తూ ఆ మాటే మళ్లీ చెప్పించుకున్నాడు. లేచి, టీవీలో నడుస్తున్న మూకీ సినిమా డిస్కు మార్చాడు.

ఒకే పాత మూకీకి ఆయన దగ్గర రెండు డిస్కులున్నాయి. సాంచాలు బందున్న ప్రతి శుక్రవారం, ఒకే సీను రెండింటిలోనూ పెట్టి తేడాలు వెతుకుతాడు.

“మూగబొమ్మను మల్ల మల్ల సూస్తే మాట్లాడుతదా?” అంటుంది భార్య ఓదెమ్మ. అదీ ఆయనకు వినపడదు.

మొదటి డిస్కులో టీవీ నిండాలని బొమ్మను పెద్దది చేశారు, మనుషుల గదువలు తెగిపోయాయి. అది నడిచినంతసేపూ పాప నూలు కండెతో ఆడుకుంది. రెండో డిస్కులో తెరమీది తల్లి నిండు ముఖంతో ఏదో అంది. పాప కండె వదిలేసి, ఆమెను చూస్తూ తన పెదవులు కదిపింది.

ఎమ్మెస్సీ చదివిన స్వప్నిల్, పాపకు వినపడదనడానికి అది ఋజువు కాదని తనకు తాను చెప్పుకున్నాడు. అయినా ఆ రోజు పెద్దులు చెప్పినట్టే ఇప్పటికీ చేస్తున్నాడు: “రేపే చెవుల డాక్టర్‌కు సూపెట్టు కొడుకా. ఫోను పక్కకు పెట్టి, బిడ్డకు ఎదురుంగ కూసోని, గదువదాంక కనవడేటట్టు మాట్లాడు.”